అరవై మూడో నంబరు మనిషి

గుంటూరులోని ఆ ప్రయోగశాలలో అరవై మూడో నంబరంటే అందరికీ ముద్దు. నూట ఇరవై మంది చేతులకి నూట ఇరవై గడియారాలు పెడితే, చెప్పిన మాట విన్న గుండె అదొక్కటే అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. తెల్లారి పరుగులో నూట అరవై ఎనిమిది దాకా హాయిగా పోతుంది. బడిలో, బజారులో ఎనభై. పెళ్ళిపందిట్లో తొంభై అయిదు. గుళ్ళో కూర్చుంటే యాభై ఎనిమిది, నిద్రలో యాభై నాలుగు. ఒకే మనిషి ఇన్ని సందర్భాలకి ఇంత చక్కగా అమరడం తన సర్వీసులో చూడలేదని, వచ్చినవాళ్ళందరికీ ఆ గీత చూపించి డాక్టర్ విశ్వంభర మురిసిపోయేవారు. ఆ మనిషి అక్కడే పనిచేసే ఇందుమతికి స్వయానా వదిన. అందుకని ఆ మురిపెంలో సగం ఇందుమతికీ దక్కేది.

గడియారం పేరు ‘స్థిమిత’. పైకి మామూలు స్మార్ట్‌వాచీయే. అడుగులు లెక్కపెడుతుంది, టైము చూపిస్తుంది, ఫోనొస్తే చేతి మీద గిలిగింత పెడుతుంది. లోపలి పని వేరు. చెయ్యి కదలికని బట్టి, చుట్టూ ఉన్న చప్పుడుని బట్టి మనిషి ఏ సందర్భంలో ఉన్నాడో పసిగడుతుంది. మొదటి నలభై రోజులూ ఊరికే గమనిస్తుంది. ఈ మనిషి మెట్లెక్కితే గుండె ఎంత కొట్టుకోవాలి, పెళ్ళిలో ఎంత, పడకలో ఎంత అన్నది నేర్చుకుంటుంది. నలభై ఒకటో రోజు నుంచి మణికట్టు నరానికి చీమ పాకినట్టు చిన్న చిన్న తాకిడులు పంపి గుండెని ఆ లెక్కకి తెస్తుంది. ఎక్కువైతే తగ్గిస్తుంది, తక్కువైతే ఎక్కిస్తుంది. సభలో నోరు తెరవలేనివాడికి వణుకు పోతుంది, నాలుగడుగులకే చతికిలబడేవాడికి నడకొస్తుంది. ఆరేళ్ళ పని అది. ఇందుమతికి ముప్ఫై మూడేళ్ళొస్తే అందులో ఆరు దానికే పోయాయి.

ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్ళు ఎనభై నాలుగు ప్రశ్నల పత్రం నింపి సంతకం పెట్టాలి. యాభై ఏళ్ళు దాటకూడదు, గుండె జబ్బుండకూడదు. సిగరెట్టు తాగుతారా, గురక పెడతారా, కాఫీ ఎన్ని కప్పులు అని అందులో అడగని సంగతి లేదు. అడగకుండా వదిలేసినది ఒక్కటే ఉంది. అదేమిటో ఆ శ్రావణ శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర దాకా ఎవరికీ తెలియలేదు.

తాకిడులు మొదలై అది మూడో రోజు. ‘స్థిమిత’ని ఆసుపత్రులకి ఇవ్వచ్చో లేదో తేల్చడానికి నిపుణుల కమిటీ వచ్చింది. విశ్వంభర కొత్త చొక్కా వేసుకుని వాళ్ళని మీటింగు గదిలోకి తీసుకెళ్ళారు. ఇందుమతి బయట పెద్ద తెర ముందు కూర్చుని అరవై మూడో గీత మీదే కళ్ళు పెట్టింది. గుండె నూట పద్దెనిమిదిలో ఉంది. సందర్భం: మెట్లు.

అప్పుడే ఫోను మోగింది. చీరాల నుంచి వదిన సుభాషిణి, వీడియోలో. బడిలో డ్రిల్లు టీచరు. ఫోనులోనూ విజిల్ ఊదినట్టే మాట్లాడుతుంది.

“ఏందమ్మా ఇందూ! ఇయాళ నీ పరీక్ష గదా. టిఫిను తిన్నావా? ఇదిగో చూడు, గోరింటాకు ఎట్టా పండిందో!” అంటూ రెండు చేతులూ తెరకి అడ్డంగా పెట్టింది.

ఎర్రగా పండాయి చేతులు. మణికట్టుకి గాజులున్నాయి. గాజులు తప్ప ఇంకేమీ లేదు.

ఇందుమతి ఫోను వంక చూసి, పెద్ద తెర వంక చూసింది. నూట ఇరవై ఒకటి.

“వదినా, నీ వాచీ ఏదీ?”

“వాచీనా? అదీ... స్నానానికని తీసి బీరువాలో పెట్టాన్లే.”

“బీరువా గుండె నిమిషానికి నూట ఇరవై ఒకటి కొట్టుకుంటోందా?”

సుభాషిణి మొహంలో నవ్వు ఆగిపోయింది. కాస్సేపు పక్కకి చూసింది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు, పిల్లల చేత గుంజీలు తీయించడం ఒక్కటే చేతనవును.

“కోప్పడకు. పిన్నత్త పెట్టుకెళ్ళింది.”

ఇందుమతి కుర్చీలోంచి లేచింది.

పిన్నత్త అంటే రత్నం, ఇందుమతికి పిన్ని. ఇందుమతికి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే, అక్క పిల్లల కోసం పెళ్ళి కూడా మానుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. చిన్నప్పుడెప్పుడో కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింది. ఇప్పుడు అరవై ఒకటి. పొద్దునొక మాత్ర, రాత్రొక మాత్ర. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు అని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

“ఎప్పట్నుంచి పెట్టుకుంటోంది పిన్ని?”

“మొదట్నుంచీ అందరం పెట్టుకుంటన్నాం. దాంట్లో ఏముంది? తెల్లారి మా అమ్మాయి జాహ్నవి ఓడరేవు దగ్గర పరిగెత్తడానికి పెట్టుకుపోద్ది. బడికీ, పెళ్ళిళ్ళకీ నేను. గుడికి పిన్నత్త. నిద్ర బాగా పడతందని రాత్రిళ్ళు గూడా ఆమే. బెల్టు ముగ్గురికీ సరిపోవట్లేదని చీర అంచు ముక్కతో కట్టుకునేట్టు కుట్టింది గూడా.” సుభాషిణి గొంతు పెంచింది. “ఇంట్లో మంచి వస్తువు ఒకటుంటే, బయటికెళ్ళేవాళ్ళు పెట్టుకోరా? నా కాసులపేరు నీ పెళ్ళిచూపులకి నువ్వు పెట్టుకోలా? అప్పుడు నేనేమన్నా సంతకాలు అడిగానా?”

ఇందుమతికి అంతా అర్థమైపోయింది. నూట అరవై ఎనిమిది దాకా హాయిగా పోయే గుండె పదిహేడేళ్ళ జాహ్నవిది. జిల్లా స్థాయిలో పరుగు పందేలు గెలిచిన పిల్ల. యాభై నాలుగుకి దిగే గుండె పిన్నిది, మాత్రల మహిమ. కమిటీ ముందు పెట్టిన ఆ చక్కటి మనిషి అసలు ఎక్కడా లేదు. గడియారం మాత్రం ముగ్గుర్నీ కలిపి ఒక్క మనిషనుకుని నేర్చుకుంది. పరుగులోనూ మెట్ల మీదా గుండె ఎంత కొట్టుకోవాలో దానికి జాహ్నవే నేర్పింది. ఇప్పుడా పాఠం పిన్ని గుండె మీద అప్పజెబుతోంది.

“ఇప్పుడెక్కడికి వెళ్ళింది పిన్ని? ఏ మెట్లు?”

“మంగళగిరి కొండకి. భజన వాళ్ళతో వ్యానులో తెల్లారే పోయింది, మెట్ల పూజకి. ఎన్ని మెట్లయినయ్యో లెక్క తప్పకుండా ఉంటదని వాచీ కట్టుకుంది. నేను వద్దనే అన్నా! నా మాట వినుద్దా ఆమె?”

“ఫోను చెయ్యి ఆమెకి.”

“ఫోను ఇక్కడే చార్జింగులో ఉంది.”

మెట్ల పూజంటే మామూలుగా ఎక్కడం కాదు. ప్రతి మెట్టు దగ్గరా వంగి పసుపు రాయాలి, కుంకుమ బొట్టు పెట్టాలి, లేచి పై మెట్టెక్కాలి. అట్లా కొన్ని వందల మెట్లు. తెర మీద నూట ఇరవై ఆరు. దాని పైన చిన్న చుక్కలతో ఇంకో గీత ఉంది, గడియారం కోరుకుంటున్న గీత. అది నూట అరవై ఎనిమిది దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

ఆపేస్తే సరిపోదా అంటే సరిపోదు. ఆ సంగతి ఈ భూమ్మీద ఇందుమతి కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఎలుకల మీద ప్రయోగాలు ఆవిడే చేసింది. రెండు మూడు రోజులు తాకిడులకి అలవాటుపడ్డ గుండె, ఆ దన్ను పరుగు మధ్యలో ఒక్కసారిగా తీసేస్తే తట్టుకోలేదు. పదింటిలో మూడు ఎలుకలు చక్రం మీదే పడిపోయి మళ్ళీ లేవలేదు. ఇక్కణ్ణించి ఆపినా, లెక్క తగ్గించినా, చేతి నుంచి ఊడదీసినా ఒకటే. ముందు మనిషి కూర్చోవాలి. మూడు నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చుంటే గడియారం ‘విశ్రాంతి’ అని గుర్తుపట్టి, పది నిమిషాల్లో గుండెని మెల్లగా దింపుతుంది. ఆ తర్వాతే తీయాలి.

ఆవిడ మీటింగు గది తలుపు కొట్టింది. విశ్వంభర విసుగ్గా బయటికొచ్చారు.

“సార్, అరవై మూడు ఒక మనిషి కాదు. ముగ్గురు. ఇప్పుడు పెట్టుకున్నది గుండె జబ్బు మనిషి. మా పిన్ని.”

ఆయన మొహం పాలిపోయింది. చెడ్డవాడేమీ కాదు విశ్వంభర. ఇల్లు తాకట్టు పెట్టి ఈ ప్రయోగశాల నిలబెట్టినవాడు. కాకపోతే ఆ క్షణంలో ఆయనకి ముందు గుర్తొచ్చింది గది లోపలున్న అయిదుగురు నిపుణులు.

“ఎక్కడుందావిడ?”

“మంగళగిరి. మెట్లెక్కుతోంది.”

“వెంటనే వెళ్ళు. కూర్చోబెట్టు. అంతా కుదుటపడ్డాక మాట్లాడుకుందాం. లోపల మాత్రం... ఇందూ, సాయంత్రం దాకా నోరు మెదపకు.”

ఇందుమతి స్కూటరు తాళం తీసుకుని పరిగెత్తింది.

ఫోనులో అరవై మూడో గీత తెరుచుకుంది. గుండె వేగం ఇంకో పది పెరిగినప్పుడల్లా ఒక కూత పెట్టేలా అమర్చి, ఫోను మెడలో వేలాడే సంచీలో వేసుకుంది. ఊరు దాటకముందే మొదటి కూత వినపడింది. నూట ముప్ఫై.

హైవే ఎక్కాక ఆవిడ ఎన్నడూ తోలనంత వేగంతో తోలింది. లారీవాళ్ళు హారన్లు కొడుతున్నారు, తిడుతున్నారు. ఎవరి తిట్లూ చెవికెక్కలేదు. మనసంతా పిన్ని మీదే ఉంది. జ్వరమొస్తే తెల్లార్లూ తలదగ్గర కూర్చున్న పిన్ని, ఇంజనీరింగు పరీక్షలప్పుడు తను నిద్రపోతుందేమోనని పక్కనే కూర్చుని మగ్గం కండెలకి నూలు చుట్టిన పిన్ని. కమిటీలూ ఆరేళ్ళ పనీ ఏ గాలికి పోయినా సరే, ఆ మనిషి ఉంటే చాలు దేవుడా అనుకుంది. దేవుడితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. కాజ దగ్గర టోలుగేటులో రెండో కూత. నూట నలభై.

మళ్ళీ సుభాషిణి నుంచి ఫోను. ఏడుస్తోంది. “భజన గుంపులో సామ్రాజ్యమని ఒకావిడుంటది, ఆమె దొరికింది ఇందూ. కింద మండపంలో కూర్చుందంట, మోకాళ్ళ నొప్పులని ఎక్కలేదంట. పైకెవరినన్నా పంపించి, ఆ వాచీ ఊడపీకించమని చెప్పనా?”

“వద్దు!” రోడ్డు మీదే అరిచింది ఇందుమతి. “తీయొద్దు వదినా, తీస్తే ప్రాణానికే ప్రమాదం. పంపినవాళ్ళు కంగారులో పీకేస్తారు, ఎవర్నీ పంపకు, నేను దగ్గరికొచ్చేశాను.”

కొండ కింద స్కూటరు పడేసి మెట్లందుకుంది. శ్రావణ శుక్రవారం, ఇసకేస్తే రాలని జనం. కింద మెట్ల నుంచి పసుపు, కుంకుమ. ఎక్కే ఆడవాళ్ళు తొక్కకుండా పక్కగా నడుస్తున్నారు. ఇందుమతికి ఆ మర్యాద పాటించే తీరిక లేదు, చెప్పులు విడవడం కూడా మర్చిపోయింది. “ఏం మనిషమ్మా, మెట్లు తొక్కుకుంటా!” అని ఎవరో కసిరారు. నూట యాభై కూత పెట్టింది సంచీ. ఆవిడ గుండె కూడా దాదాపు అక్కడే ఉండి ఉంటుంది, దాన్ని లెక్కపెట్టేవాళ్ళు లేరు.

సగం దాటాక కనిపించింది పిన్ని. ఆకుపచ్చ నేతచీర కొంగు నడుముకి దోపింది. ఎడమచేతిలో పసుపు గిన్నె, కుంకుమ భరిణె. కుడిచేతికి గడియారం. వీపంతా చెమటతో తడిసి రవిక అంటుకుపోయింది. వంగి పసుపు రాస్తోంది, బొట్టు పెడుతోంది, లేస్తోంది. ఒక్క క్షణం కూడా ఆగట్లేదు. ఆ వయసు మనిషికి ఆ ఊపెక్కడిదని పక్కవాళ్ళు కూడా చూస్తున్నారు.

“పిన్నీ!”

రత్నం తలెత్తింది. మొహం కందగడ్డలా ఉంది, పెదాలు మాత్రం నల్లబడ్డాయి. అయినా నవ్వింది. “ఓసినీ! నువ్వెట్టా వచ్చావే? చూశావా ఇందూ, ఆయాసమే లేదు! పోయినేడు పాతిక మెట్లకే కూలబడ్డా. నీ గడియారం గట్టిదే తల్లీ, నన్ను తోసుకుపోతంది.”

“పిన్నీ, కూర్చో. ఇక్కడే, ఈ మెట్టు మీదే కూర్చో.”

“కూర్చోగూడదు.”

“నీ గుండె నూట యాభై నాలుగు కొట్టుకుంటోంది. నీది ఓపిక కాదు, ఆ వాచీ తోస్తోంది. నువ్వు కూర్చోకపోతే...” నోటికి రాలేదు ఆ మాట. “చచ్చిపోతావు పిన్నీ.”

“ఊరుకోవే, శుక్రవారం పూటా ఆ మాటలేంది! మెట్ల పూజ మొదలుపెట్టినాక మధ్యలో కూలబడితే మొక్కు చెడుద్ది. ఇంకెంత, నూటయాభై ఉంటయ్యంతే.” అంటూ ఇంకో మెట్టుకి వంగింది.

ఇందుమతి అడ్డంగా నిలబడింది. “మిగతావి నేను పెడతాను. నువ్వు కూర్చో.”

“మొక్కుకుంది నేను. నువ్వు పెడితే ఎట్టా చెల్లుద్ది?”

“ఏం మొక్కు పిన్నీ అది? దేని కోసం?”

రత్నం చిన్నపిల్లలా సిగ్గుపడింది. “ఇయాళ నీ గడియారాన్ని చూడటానికి పెద్దోళ్ళొస్తన్నారంట గదా. అది నెగ్గాలని. ఆరేళ్ళ నుంచీ తిండీ నిద్రా మాని చేస్తన్నావు, నాకు కనపడదా? నరసింహస్వామికి మొక్కుకున్నా. ఆయన పానకం తాగినట్టే వాళ్ళు గూడా నీ పని మెచ్చుకోవాలని.”

ఇందుమతికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి మాత్రం టైము లేదు. నూట అరవై కూత పెట్టింది సంచీలో.

ఆ కూత రత్నానికీ వినపడింది. “ఏందది? దీని గోలేనా? దీని గురించేగా నీ గొడవంతా? ఉండు, తీసిపారేస్తా. నాకేమీ దీంతో పన్లేదు, నా కాళ్ళు నాకున్నయ్యి.” అంటూ గిన్నె కింద పెట్టి, భరిణె కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమచేత్తో చీర అంచు ముడి లాగింది. ముడి సగం ఊడింది.

ఇందుమతి రెండు చేతులతో ఆ మణికట్టుని పట్టేసింది. పసుపు, చెమట, జారిపోతోంది. నరం కింద గుండె కొట్టుకోవడం తన వేళ్ళకి తెలుస్తోంది, మధ్య మధ్యలో ఒక దెబ్బ తప్పిపోవడం కూడా.

“తీయొద్దు! పిన్నీ, నీకు దణ్ణం పెడతా, తీయొద్దు!”

“పెట్టుకోవద్దంటావు, తీయొద్దంటావు. నీకు పిచ్చేమన్నా పట్టిందా ఏందే?”

ఇద్దరూ అట్లా మెట్ల మధ్యలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని పెనుగులాడుతుంటే చుట్టూ జనం మూగారు. ఇందుమతికి ఒక సంగతి తెలిసిపోయింది. పిన్ని తన ప్రాణం కోసం కూర్చోదు. భయపెట్టినా కూర్చోదు, బతిమాలినా కూర్చోదు. మొక్కు బతికి ఉన్నంతసేపూ ఆమె ఎక్కుతూనే ఉంటుంది. ఆ మొక్కు తన గడియారం. కాబట్టి ముందు గడియారం పోవాలి.

ఒక చేత్తో పిన్ని మణికట్టు వదలకుండా, ఇంకో చేత్తో విశ్వంభరకి ఫోను చేసి స్పీకరులో పెట్టింది. మొదటి రింగుకే ఎత్తారాయన.

“ఇందూ! సరిగ్గా టైముకి చేశావ్. గీత నూట అరవై రెండుకి ఎంత చక్కగా ఎక్కిందో ఇప్పుడే వీళ్ళకి చూపిస్తున్నాను. కూర్చుందా ఆవిడ?” చివరి మాట గొంతు తగ్గించి అన్నారు.

“సార్, కమిటీ వాళ్ళందరికీ వినపడేట్టు పెట్టండి. వాళ్ళతో ఒక మాట చెప్పాలి.”

ఆయన తటపటాయించారు. ఎవరో పక్కనుంచి “పెట్టండి, పెట్టండి” అన్నారు.

ఇందుమతి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. “నేను ఇందుమతిని. ఈ గడియారం తయారుచేసినదాన్ని. మీరు చూస్తున్న అరవై మూడో నంబరు ఒక మనిషి కాదు. ఒక ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు మార్చి మార్చి పెట్టుకున్నారు. గడియారానికి ఆ తేడా తెలియలేదు. తెలిసేట్టు నేను చెయ్యలేదు. ఒకరి గుండె లెక్క ఇంకొకరి మీద రుద్దుతోంది. ఇది పనికిరాదు. నా ప్రయోగం తప్పు. దయచేసి దీనికి అనుమతి ఇవ్వకండి.”

అటువైపు నుంచి ఒక పెద్దావిడ గొంతు. “మరి ఇప్పుడు ఈ తెర మీద కనపడుతున్న గుండె ఎవరిదమ్మా?”

“మా పిన్నిదండీ.”

కుర్చీలు జరిగిన చప్పుడు. “చాలించండి విశ్వంభర గారూ, ఇక మేం చూసేదేం లేదు” అంటోంది ఆ గొంతు. ఫోను పెట్టేసింది ఇందుమతి.

“విన్నావుగా పిన్నీ. నెగ్గలేదు. నెగ్గదు కూడా. ఇంక మొక్కేమీ లేదు. కూర్చో.”

రత్నం నోరు తెరుచుకుని చూసింది. చేతిలో భరిణె జారి, కుంకుమ రెండు మెట్ల మీద చిందిపోయింది. “ఎంత పని చేశావే... నా కోసమా? నీ చేత్తో నువ్వే చెరుపుకున్నావా?” అని, నిలబడలేక అక్కడే కూలబడిపోయింది. కూర్చున్నాక ఇందుమతి చెంప మీద ఒకటి కొట్టింది. బలం లేని దెబ్బ. తర్వాత ఆ చెంపనే పట్టుకుని ఏడ్చింది. ఇందుమతి కూడా ఏడ్చింది. ఏడుస్తూనే పిన్ని వీపు చుట్టూ చెయ్యేసి కదలకుండా పట్టుకుంది.

మూడు నిమిషాలు గీత నూట అరవై దిగలేదు. ఆ మూడు నిమిషాల్లో ఇందుమతి తన జన్మలో తిట్టుకోనన్ని తిట్లు తనని తాను తిట్టుకుంది. నాలుగో నిమిషంలో తెర మీద సందర్భం మారింది. విశ్రాంతి. నూట యాభై. నూట ముప్ఫై ఎనిమిది. నూట పన్నెండు. తొంభై ఆరు దగ్గర ముడి విప్పి, గడియారం తీసి జేబులో వేసుకుంది. ఎవరో డోలీవాళ్ళని కేకేశారు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో గండం గడిచిందన్నారు. అయితే ఉన్న కవాటం ఇంకాస్త చిరిగింది, ఆపరేషను తప్పదు. “ఇంకో యాభై మెట్లెక్కి ఉంటే ఆపరేషను మాటే ఉండేది కాదమ్మా” అన్నాడు డాక్టరు, ఇందుమతి మొహంలోకి చూడకుండా.

రత్నం కళ్ళు తెరిచి చూసింది. “నా మూలంగా నీ ఆరేళ్ళూ మట్టిగొట్టుకుపోయినయ్యి.”

“నీ మూలంగా కాదు పిన్నీ. ఎనభై నాలుగు ప్రశ్నలు రాశాను. ఇంట్లో ఇంకెవరు పెట్టుకుంటారని ఒక్క ప్రశ్న రాయలేదు.”

“అదేం ప్రశ్నే? అడగాలా దానికి?” రత్నం నీరసంగానే విసుక్కుంది. “ఏ ఇంట్లో మాత్రం ఒక్కళ్ళే పెట్టుకుంటారు? సెల్లు ఫోనొచ్చిన కొత్తల్లో మన వీధంతటికీ మనదేగా. మంచి వస్తువు ఇంటికొస్తే ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే.”

ఇందుమతి లేచి నిలబడింది. నూట పంతొమ్మిది ఇళ్ళు. అన్నిటిలోనూ తాకిడులు మొదలై మూడో రోజు.

వరండాలోకొచ్చి విశ్వంభరకి చేసింది. ఆయన గొంతులో కోపం కూడా మిగల్లేదు. “కమిటీ వెళ్ళిపోయింది. నాకిక ఏమీ మిగల్చలేదు ఇందూ నువ్వు. పొరపాటు మీ ఒక్క ఇంట్లో జరిగింది. మిగతావాళ్ళంతా సంతకం ప్రకారమే నడుచుకుంటున్నారు. రేపు నిదానంగా...”

“లైన్లోనే ఉండండి సార్. ఏమీ మాట్లాడొద్దు, వినండి.”

మొదటి నంబరు, నరసరావుపేటలో బ్యాంకు గుమాస్తా. గడియారం అతని చేతికే ఉంది, కుర్చీలోనే ఉన్నాడు. “చూశావా?” అన్నారు విశ్వంభర. రెండో నంబరు, బాపట్లలో ఒక ఇల్లాలు. “మా ఆయన పేరు మీద ఇచ్చారండీ. ఆయన ఆఫీసుకెళ్ళేటప్పుడు తీసేసి పోతాడు, మా అత్తగారు పెట్టుకుంటది. ఇప్పుడా? పిండి రుబ్బుతోంది, అడుగులు గూడా ఎక్కువ పడుతున్నయ్యని మురిసిపోతోంది. షుగరండీ ఆవిడకి.” ఆమెని కూర్చోబెట్టమని, పది నిమిషాలాగి తీయించమని చెప్పి, మూడో నంబరు నొక్కింది. నర్సింగు హాస్టలు. అమ్మాయి పకపకా నవ్వింది. “గదిలో నలుగురం వంతులేసుకున్నాం మేడమ్. ఇవాళ వాలీబాల్ ఆడేదాని వంతు.” అక్కడా అదే మాట చెప్పింది ఇందుమతి.

లైనులో విశ్వంభర ఊపిరి వినపడుతోంది.

“సగం నంబర్లు నాకు పంపు,” అన్నారాయన చివరికి. “అరవై దాకా నేను చేస్తాను. ముందు కూర్చోమనే చెబుదాం.”

పంపించి, అరవై ఒకటి నొక్కింది ఇందుమతి. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. అయిదో రింగుకి ఒక ముసలి గొంతు, పలుగుతో తవ్వుతున్నట్టు ఆయాసపడుతూ, “హలో, ఎవరూ?” అంది.

“నమస్కారమండీ. మీ ఇంట్లో ఇచ్చిన వాచీ ఇప్పుడు ఎవరి చేతికుంది?”